ఐస్ పెట్టకూడని నీటి సీసా

నీటి పరీక్ష అనగానే ల్యాబు సిబ్బంది చేతులకు అలవాటైపోయిన పద్ధతి ఒకటుంది. స్టెరిలైజ్ చేసిన సీసా తీసుకెళ్లడం, పైనీళ్లలో ముంచి నింపడం, మూత బిగించి ఐస్ డబ్బాలో పెట్టడం, సాయంత్రంలోగా ల్యాబుకు చేర్చడం. నీళ్లలో మలం కలిసిందని పట్టిచ్చే ఈ.కోలై అనే బాక్టీరియా ఉందా లేదా అక్కడ చూస్తారు. లేకపోతే నీళ్లు బాగున్నట్టు. కలరా, టైఫాయిడ్ లాంటి జబ్బుల నుంచి ఊళ్లను కాపాడిన పద్ధతి ఇది. దాన్ని తక్కువ చేసి మాట్లాడాల్సిన పని లేదు. కానీ విశాఖపట్నం చుట్టూ ఉన్న గెడ్డల్లో, అంటే కొండవాగుల్లో, రిజర్వాయర్లలో, కోనేళ్లలో మెదడుకూ కంటికీ ముప్పు తెచ్చే అమీబాలు ఉన్నాయా అని తెలుసుకోవాలంటే మాత్రం ఈ పద్ధతిలో ప్రతి అడుగూ తప్పుదారి పట్టిస్తుంది. ఐస్‌లో పెడితే వెతుకుతున్న జీవే చచ్చిపోవచ్చు. పైనీళ్లు ముంచుకొస్తే అడుగున ఉన్నది చేతికి రాదు. ఈ.కోలై లేదన్న కాగితం అమీబా సంగతి ఏమీ చెప్పదు.

ఈ ప్రశ్న ఇప్పుడు అడగడానికి కారణం కేరళ. అక్కడ 2016లో అలప్పుళలో ఈ అమీబా మెదడు జబ్బు మొదటి కేసు బయటపడింది. తర్వాత ఏడాదికి ఒకటో రెండో అన్నట్టు నడిచిన లెక్క 2024లో పదుల్లోకి వెళ్లింది, 2025లో వంద దాటింది. తెలుగు టీవీల్లో ‘మెదడు తినే అమీబా’ అన్న పేరు అప్పుడే స్థిరపడింది. భయపెట్టే పేరే. కానీ ఈ జబ్బు మన దేశానికి కొత్తది కాదు. ఇద్దరు పిల్లల్లో దీన్ని గుర్తించిన మొదటి నివేదిక 1971 నాటిది. అంతకు ముందు 1965లో ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో ఫౌలర్, కార్టర్ అనే ఇద్దరు వైద్యులు దీన్ని మొదటిసారి వివరంగా రాశారు. అమీబా పేరు, నెగ్లీరియా ఫౌలరి, ఆ ఫౌలర్ పేరు మీదుగా వచ్చిందే.

మన పేగుల్లో చేరి జిగట విరేచనాలు తెచ్చే అమీబా వేరు, ఇది వేరు. పేగుల అమీబాకు మనిషి ఒళ్లు కావాలి. నెగ్లీరియాకు మనిషితో పనే లేదు. నీళ్లలో, అడుగు బురదలో, రాళ్ల మీది పాకుడులో బాక్టీరియాను తింటూ తనంతట తాను బతుకుతుంది. అందుకే వీటిని స్వేచ్ఛగా బతికే అమీబాలు అంటారు. ఈ గుంపులో జబ్బు తెచ్చేవి ముఖ్యంగా మూడు: నెగ్లీరియా ఫౌలరి, అకాంతమీబా, బాలముథియా. నెగ్లీరియా జాతిలో నలభైకి పైగా రకాలుంటే మనిషికి హాని చేసేది ఫౌలరి ఒక్కటే. ఈ ఒక్క విషయమే పరీక్షను చాలా కష్టం చేస్తుంది, దాని సంగతి కాసేపట్లో వస్తుంది.

నెగ్లీరియా ఉన్న నీళ్లు తాగితే ఏమీ కాదు. ముక్కులోకి బలంగా పోతేనే ప్రమాదం. ముక్కు పైకప్పులో జల్లెడలాంటి సన్నటి ఎముక ఉంటుంది. వాసన నరాలు ఆ జల్లెడ కన్నాల్లోంచే మెదడుకు వెళ్తాయి. అమీబా పట్టుకునే దారి కూడా అదే. నీళ్లలో దిగిన 1 నుంచి 12 రోజుల్లోపు తలనొప్పి, జ్వరం, వాంతులు, మెడ పట్టేయడం మొదలవుతాయి. అమెరికాలో 1962 నుంచి 2023 దాకా 164 కేసులు నమోదైతే బతికినవాళ్లు నలుగురే. ఆ అంకెను రెండు వైపుల నుంచీ చదవాలి. సోకితే బతకడం చాలా కష్టం. అదే సమయంలో ఏటా లక్షలాది మంది చెరువుల్లో ఈదే దేశంలో, 62 ఏళ్లలో సోకింది 164 మందికే. ఈ రెండో సగాన్ని మరిచిపోతే చెరువు కనబడితేనే టెన్షన్ పడతాం. మొదటి సగాన్ని మరిచిపోతే అసలు పరీక్షే చేయం.

విశాఖ అనగానే నీళ్లంటే సముద్రం. ఈ విషయంలో సముద్రానికి ఏ పాపం లేదు. నెగ్లీరియా ఫౌలరి ఉప్పునీటిలో బతకదు. ఆర్కే బీచ్‌లో అలలకూ రిషికొండ దగ్గర సుడులకూ భయపడాల్సిందే గానీ ఈ అమీబాకు కాదు. చూడాల్సింది ఊరి వెనక్కి తిరిగి. పెందుర్తి దారిలో మేఘాద్రి గెడ్డ రిజర్వాయర్, కొండల నడుమ ముడసర్లోవ, గంభీరం, కొంచెం దూరంగా గోస్తనీ మీద తాటిపూడి, శారద మీద రైవాడ, అచ్యుతాపురం వైపు కొండకర్ల ఆవ. వీటికి తోడు కొండల మీద నుంచి దిగి ఊరి మధ్యగా పోయే గెడ్డలు, సింహాచలం అడవివరంలో వరాహ పుష్కరిణి, పాత ఇళ్లలో ఇంకా మిగిలిన నూతులు. వీటిలో ఈ అమీబా ఉందని చెప్పడం కాదిది. వెతకాలంటే వెతకాల్సిన చోట్లు ఇవి.

నెగ్లీరియాకు వేడి ఇష్టం. 45 డిగ్రీల దాకా హాయిగా పెరుగుతుంది. తోటి జీవులు చాలావరకు ఆ వేడికి తట్టుకోలేక తగ్గిపోతే పోటీ లేని తిండి దీనికి దొరుకుతుంది. అంటే విశాఖలో మార్చి నుంచి జూన్ దాకా, నీటిమట్టం తగ్గి, ఒడ్డున మోకాలి లోతు నీళ్లు ఎండకు కాగి, అడుగు బురద పైకి తేలే రోజులే దానికి అనువైనవి. తొలకరి పడి గెడ్డలు ఒక్కసారిగా పొంగితే అడుగు మట్టి కలియబడుతుంది. ఆ వారం కూడా శాంపిల్ తీయాల్సిందే. జనవరిలో చల్లటి పొద్దున తీసిన సీసాలో ఏమీ దొరక్కపోతే దాన్ని పట్టుకుని ‘మా చెరువులో లేదు’ అనడం కుదరదు. చలికి అమీబా గట్టి గూడు కట్టుకుని, అంటే సిస్టుగా మారి, బురదలో పడి ఉంటుంది.

ముడసర్లోవలో ఒక ప్రత్యేకత ఉంది. 2018 నుంచి అక్కడ నీళ్ల మీద తేలే 2 మెగావాట్ల సోలార్ ప్లాంటు నడుస్తోంది. పలకల కింద నీడ, పక్కనే ఎండ. ఒకే నీరు, ఒకే బురద, వేడి మాత్రం వేరు. వేడికీ అమీబాకూ ఉన్న సంబంధం మన నీళ్లలో ఎలా ఉందో చూడాలనుకునే విద్యార్థికి ఇంతకన్నా మంచి చోటు వెతికినా దొరకదు.

ఇక సీసా దగ్గరికి వద్దాం. మధ్యాహ్నం పూట, ఒడ్డుకు దగ్గరగా, జనం దిగే రేవులోనే శాంపిల్ తీయాలి. ముందుగా థర్మామీటరుతో నీటి వేడి, తర్వాత పీహెచ్, నీళ్లు ఎంత బురదగా ఉన్నాయన్న కొలత రాసుకోవాలి. వేడి రాయని అమీబా శాంపిల్‌కు విలువ సగానికి సగం పోయినట్టే. ఒక సీసా పైనీళ్లది. రెండోది, అడుగును కర్రతో మెల్లగా కలిపి, పైకి లేచిన మసక నీళ్లది. మూడోది మెట్ల మీది పాకుడును దూదిపుల్లతో రుద్ది తీసింది. ఎక్కువసార్లు ఫలితం ఇచ్చేవి ఈ రెండోదీ మూడోదీనే. కుళాయి నీళ్లయితే సీసాలో ముందే కొంచెం సోడియం థయోసల్ఫేట్ వేయాలి. లేకపోతే నీటిలోని క్లోరిన్ దారి పొడవునా తన పని చేసుకుంటూ పోయి, ల్యాబుకు చేరేసరికి కుళాయి దగ్గర లేని శుభ్రం సీసాలోకి వచ్చేస్తుంది. తీసుకెళ్లేటప్పుడు ఐస్ వద్దు, ఎండా వద్దు. మామూలు గది వేడిలో, నీడలో, ఆ రోజుకారోజే చేరాలి. పది డిగ్రీల కంటే చల్లబడితే తిరుగాడే నెగ్లీరియా కొన్ని గంటల్లోనే దెబ్బతింటుంది.

ల్యాబులో లీటరు నీటిని సన్నటి వడపోత పొర మీద వడకడతారు. ఆ పొర కన్నాలు ఒకటి నుంచి మూడు మైక్రాన్లు, మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. అమీబా పది మైక్రాన్లకు పైమాటే కాబట్టి పైనే నిలిచిపోతుంది. గాలి పంపు గట్టిగా లాగితే ఆ మెత్తటి ప్రాణి నలిగిపోతుంది, కాబట్టి తక్కువ ఒత్తిడితో లాగాలి. పొర పూర్తిగా ఆరిపోకముందే ఆపాలి. మేఘాద్రి గెడ్డ లాంటి చోట వానాకాలం నీళ్లయితే పావు లీటరుకే పొర మూసుకుపోవచ్చు. అప్పుడు సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి అడుగున దిగిన మడ్డిని తీసుకోవడమే మేలు.

పొరను ఒక అగార్ ప్లేటు మీద, అంటే సూక్ష్మజీవులను పెంచే జెల్లీ పోసిన పళ్లెం మీద బోర్లిస్తారు. ఈ ప్లేటు మామూలుది కాదు. ఇందులో ఏ పోషకమూ ఉండదు, ఉప్పు కలిసిన అగార్ మాత్రమే. దాని మీద ముందే ఈ.కోలైని పలచగా పూస్తారు. మామూలు నీటి పరీక్షలో దొంగలా వెతికే ఈ.కోలై ఇక్కడ ఎర. పోషకాలు లేవు కాబట్టి నీళ్లతో వచ్చిన ఇతర బాక్టీరియా, బూజు పెద్దగా పెరగలేవు. అమీబాకు మాత్రం కావాల్సినంత తిండి. ఒకే శాంపిల్‌తో కనీసం రెండు ప్లేట్లు పెట్టాలి. 30 డిగ్రీల దగ్గర ఒకటి అకాంతమీబా కోసం, 44 డిగ్రీల దగ్గర ఒకటి నెగ్లీరియా కోసం. ఆ రెండో ఇంక్యుబేటర్ వేడే ఇక్కడ అసలు జల్లెడ. చల్లటి నీళ్లలో హాయిగా ఉండే ఎన్నో సాదా అమీబాలు అక్కడ నిలబడలేవు.

రెండో రోజో మూడో రోజో ప్లేటును మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తే, పాలపొరలా పరుచుకున్న ఈ.కోలై మధ్యలో ఒక వైపు నుంచి మేత మేసినట్టు ఖాళీ కనిపిస్తుంది. ఆ ఖాళీ అంచు వెంట అమీబాలు బారులు తీరి ముందుకు జరుగుతుంటాయి. నెగ్లీరియా కదలిక తెలిసిపోతుంది. ఒళ్లంతా ఒక వైపుకు పొంగి, ఉబ్బి, ముందుకు దూకినట్టు పోతుంది. అకాంతమీబా అలా కాదు. ఒంటి నిండా ముళ్లలాంటి సన్నటి పొడుగులు చాచి, మెల్లగా పాకుతుంది. దాని సిస్టును చూస్తే పొరపాటు పడే అవకాశం ఇంకా తక్కువ. రెండు గోడలు, లోపలి గోడ నక్షత్రంలా కోణాలు తేలి ఉంటుంది. ప్లేట్లను వారం, రెండు వారాల దాకా రోజూ చూడాలి. మూడో రోజు ఏమీ లేదని పారేయకూడదు.

అనుమానం వచ్చిన ముక్కను కోసి, ఉప్పు లేని డిస్టిల్డ్ వాటర్‌లో వేసి 37 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఉంచితే నెగ్లీరియా రూపం మార్చుకుంటుంది. పాకే ముద్ద కాస్తా గింజ ఆకారంలోకి వచ్చి, రెండు తోకలు మొలిపించుకుని, గిరగిరా ఈదడం మొదలుపెడుతుంది. తిండి కరువైనా, నీళ్ల ఉప్పు మారినా అది చేసే పని అదే. కళ్లారా చూడగలిగిన ఇలాంటి పరీక్ష సూక్ష్మజీవుల లోకంలో అరుదు. ఖర్చు దాదాపు సున్నా. మైక్రోబయాలజీ చెప్పే ఏ డిగ్రీ కాలేజీలోనైనా చేయొచ్చు.

కానీ అక్కడితో ఆగి ‘ప్రాణాంతక అమీబా దొరికింది’ అని ప్రకటిస్తే పెద్ద తప్పవుతుంది. నెగ్లీరియా లోవానియెన్సిస్ అని ఒక రకం ఉంది. వేడికి తట్టుకుంటుంది, 44 డిగ్రీల ప్లేటు మీద పెరుగుతుంది, చూపులకు అచ్చం ఫౌలరిలాగే ఉంటుంది, తోకలు కూడా మొలిపిస్తుంది. మనిషికి మాత్రం ఏ హానీ చేయదు. మైక్రోస్కోపు ఈ రెంటినీ విడదీయలేదు. ఇక్కడే డీఎన్ఏను గుర్తించే పీసీఆర్ పరీక్ష కావాలి. ఫౌలరికి మాత్రమే సరిపోయే డీఎన్ఏ ముక్కను పట్టుకుంటేనే పేరు ఖాయం. ఈ దశ దాటని నివేదికల్లో ‘వేడికి తట్టుకునే నెగ్లీరియా’ అని మాత్రమే రాయాలి. ఆ మాట మందకొడిగా వినిపించొచ్చు. కానీ నిజం అంతవరకే.

అలాగని ప్లేటు మానేసి నేరుగా నీళ్లకే పీసీఆర్ చేస్తే సరిపోతుందా అంటే, అదీ పూర్తి జవాబు కాదు. పీసీఆర్‌కు చచ్చిన అమీబా డీఎన్ఏ, బతికిన అమీబా డీఎన్ఏ ఒక్కటే. క్లోరిన్ వేసిన ట్యాంకులో పాజిటివ్ వస్తే అది శవాన్ని చూసిందా, ప్రాణిని చూసిందా తెలియదు. ఇంకో పక్క ఆకులూ బురదా కుళ్లిన గోధుమరంగు నీళ్లలో ఉండే హ్యూమిక్ పదార్థాలు పీసీఆర్‌ను పనిచేయనివ్వవు. అమీబా ఉన్నా నెగటివ్ చూపిస్తుంది. ప్రతి శాంపిల్‌లోనూ తెలిసిన డీఎన్ఏ కొంచెం కలిపి, అది పట్టుబడిందో లేదో చూసుకుంటేనే ఆ నెగటివ్‌ను నమ్మొచ్చు. విశాఖ లాంటి చోట తెలివైన దారి రెండూ కలపడం. వేడి ప్లేటు మీద బతికి పెరిగినదానికే పీసీఆర్ చేస్తే ‘బతికి ఉందా’, ‘ఫౌలరియేనా’ అన్న రెండు ప్రశ్నలకూ ఒకేసారి జవాబు వస్తుంది, కిట్ల ఖర్చూ తగ్గుతుంది.

బాలముథియా సంగతి క్లుప్తంగానే. అది బాక్టీరియాను తినదు, ఎక్కువగా మట్టిలో ఉంటుంది. కాబట్టి ఈ.కోలై ఎర దానికి పనికిరాదు. ఈ పద్ధతిలో అది దొరక్కపోవడం అది లేదనడానికి రుజువు కాదు.

అకాంతమీబా గురించి మాత్రం ఇంకొంచెం ఆగి మాట్లాడాలి. ఎందుకంటే వార్తల్లోకి ఎక్కేది నెగ్లీరియా అయినా, మన ప్రాంతంలో మామూలు మనుషులను ఎక్కువగా దెబ్బతీసేది ఇదే. ఇది దాదాపు ప్రతి చోటా ఉంటుంది: చెరువు, కుళాయి, దుమ్ము, కూలర్ నీళ్లు, చివరికి సముద్రం కూడా. రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లలో మెదడుకు చేరుతుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో కంటి నల్లగుడ్డు మీద పుండు చేస్తుంది. పాశ్చాత్య దేశాల్లో ఇది ఎక్కువగా కాంటాక్ట్ లెన్స్ వాడేవాళ్ల జబ్బు. మన దగ్గర బొమ్మ వేరు. హైదరాబాద్ ఎల్.వి. ప్రసాద్ నేత్ర విజ్ఞాన సంస్థ అధ్యయనాల్లో రోగుల్లో ఎక్కువమంది లెన్సులు పెట్టుకోని వాళ్లే. కంట్లో ఆకో గడ్డో గీసుకుపోవడం, దుమ్ము పడితే దగ్గర్లో ఉన్న నీళ్లతో కడిగేసుకోవడం లాంటివే వాళ్ల కథ. ఆ సంస్థకు విశాఖలోనూ ఆసుపత్రి ఉంది. పొలంలో వరి ఆకు తగిలి, పక్కనే ఉన్న గెడ్డ నీళ్లు చిలకరించుకుని, రెండు మూడు వారాలు మందుల షాపు చుక్కలతో గడిపి, కంట్లో పువ్వు వేశాక వచ్చే రైతు కూలీకి అమీబా అన్న మాట అప్పుడే మొదటిసారి వినిపిస్తుంది. నీటి పరీక్ష గురించి మాట్లాడేవాళ్ల లెక్కలోకి ఈ మనిషి కూడా రావాలి. అకాంతమీబా దొరికిందంటే వార్త కాదు, అది దొరుకుతూనే ఉంటుంది. ఏ జన్యురకం దొరికింది, 37 డిగ్రీల దగ్గర పెరుగుతోందా అన్నదే తెలుసుకోదగిన విషయం. కంటి పుండ్లలో ఎక్కువగా కనిపించే టీ4 రకమే నీళ్లలోనూ ఎక్కువగా దొరుకుతుంటుంది.

ఇంకో సంగతి. లీజియోనెల్లా లాంటి న్యుమోనియా బాక్టీరియాను అమీబా మింగినా అరిగించుకోలేదు. ఆ బాక్టీరియా దాని పొట్టలోనే పెరుగుతుంది. సిస్టు గోడల లోపల దాక్కుంటే క్లోరిన్ కూడా దాన్ని సులువుగా అందుకోలేదు. అంటే అమీబాలు విపరీతంగా ఉన్న ట్యాంకులో వేరే జబ్బులు కూడా పొంచి ఉండొచ్చు.

ప్రమాదం చెరువు దగ్గరే ఆగదు. కరాచీలో నెగ్లీరియాకు బలైన చాలామంది ఈదినవాళ్లు కాదు, నమాజుకు ముందు శుద్ధి కోసం వుజూ చేసేటప్పుడు కుళాయి నీళ్లు ముక్కులోకి పీల్చినవాళ్లు. అమెరికాలోని లూసియానాలో 2011లో చనిపోయిన ఇద్దరు కుళాయి నీళ్లతో ముక్కు కడుక్కున్నవాళ్లు. మనవాళ్లు చేసే జలనేతి కూడా అదే పని. మరిగించి చల్లార్చిన నీళ్లతో చేస్తే భయం లేదు. మే నెల మధ్యాహ్నం మేడ మీది నల్ల ట్యాంకు కుళాయి తిప్పితే చెయ్యి చురుక్కుమంటుంది. ఆ వేడిలో క్లోరిన్ తొందరగా ఎగిరిపోతుంది. అడుగున మడ్డి, గోడలకు పాకుడు ఉంటే నెగ్లీరియాకు కావాల్సినవన్నీ అక్కడే ఉన్నట్టు. మన దేశపు తాగునీటి ప్రమాణం కుళాయి చివర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలంటుంది. నెగ్లీరియాను అదుపులో ఉంచాలంటే 0.5కు తగ్గకుండా నిలకడగా ఉండాలి. ఎండలో మైళ్ల కొద్దీ పోయే పైపుల్లో ఈ అమీబా పెరగడాన్ని దక్షిణ ఆస్ట్రేలియా ఎదుర్కొంది. పైపు పొడవునా క్రిమిసంహారకం నిలిచేలా చూసుకోవడమే అక్కడ పనిచేసిన మార్గం. నీటి శాంపిల్‌తో పాటు అదే చోట క్లోరిన్ కొలత రాసుకోమనేది అందుకే. అమీబా దొరికిన చోట ఎందుకు దొరికిందో ఆ అంకె చెబుతుంది.

చెరువులో ఫౌలరి దొరికితే ఏం చేయాలి? రిజర్వాయర్‌ను శుభ్రం చేయడం అయ్యే పని కాదు, అవసరం కూడా లేదు. ఆ రేవులో ఎండలు తగ్గేదాకా పిల్లలు దూకకుండా చూడటం, తల ముంచొద్దని బోర్డు పెట్టడం, ఆ నీటిని వాడే ట్యాంకర్లలో క్లోరిన్ చూడటం. వీటితోపాటు దొరికిన చోటు పేరు, తేదీ, నీటి వేడి ఆసుపత్రుల వైద్యులకు చేరాలి. నిజానికి నీటి పరీక్ష వల్ల ఎక్కువ మేలు జరిగేది ఇక్కడే. కేరళలో బతికినవాళ్ల నిష్పత్తి ప్రపంచ సగటు కన్నా చాలా ఎక్కువ. అక్కడ దొరికిన అమీబాలన్నీ ఒకే రకం కావు కాబట్టి పోలిక జాగ్రత్తగా చేయాలి. అయినా అనుమానించడం, వెంటనే వెన్నునీరు తీసి చూడటం, మందులు మొదలుపెట్టడం అక్కడ అలవాటయ్యాయి. ఆ మందుల్లో మిల్టెఫోసిన్ ఒకటి. బీహార్‌లో కాలా అజార్‌కు వాడిన మందే అది.

మే నెలలో విశాఖ కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) లాంటి పెద్దాసుపత్రికి ఈ అమీబా సోకి, జ్వరం, మెడ పట్టేయడంతో ఒక పిల్లవాడు వస్తే, వెన్నునీటిలో తెల్లకణాలు విపరీతంగా, గ్లూకోజు తక్కువగా ఉంటాయి. అచ్చం బాక్టీరియా మెదడువాపులాగే కనిపిస్తుంది, కానీ బాక్టీరియాకు రంగు వేసి చూసే గ్రామ్ స్టెయిన్‌లో బాక్టీరియా ఉండదు. అప్పుడు ‘ఈ రెండు వారాల్లో ఎక్కడైనా నీళ్లలో దిగాడా?’ అని తల్లిని అడిగే వైద్యుడికి మేఘాద్రి గెడ్డ రేవు పేరు ముందే తెలిసి ఉంటే, ఒక చుక్క వెన్నునీటిని స్లైడు మీద వేసి అప్పటికప్పుడు మైక్రోస్కోపు కింద కదలిక కోసం చూస్తాడు. ఆ ట్యూబు మాత్రం అలవాటు ప్రకారం ఫ్రిజ్‌లోకి వెళ్లకూడదు. చల్లబడితే అమీబా కదలడం మానేసి గుండ్రంగా ముడుచుకుంటుంది, తెల్లకణాల గుంపులో ఇంకో తెల్లకణంలా కనిపిస్తుంది.